చెవికి వచ్చిన ఇంగ్లీషు

పిల్లలూ!

ఒకనాడు మా మనుమరాలు టీవీలో టామ్ అండ్ జెర్రీ చూస్తున్నది. "హోంవర్కు మాటేమిటే?" అని మా కోడలు కేకవేసింది. "ఇంగ్లీషు నేర్చుకుంటున్నానమ్మా!" అని జవాబు వచ్చింది. నాకు నవ్వు ఆగలేదు. 1940లో పుట్టిన ఆ పిల్లీ, ఎలుకా పరుగులు పెడతాయే గాని, నోరు విప్పడం బహు అరుదు!

అయినా, దాని మాటలో సత్యం లేకపోలేదు. మాటలున్న బొమ్మల చిత్రమైతే చెవికి మంచి గురువే. నా చిన్నతనంలో అటువంటి గురువు నాకు దొరకలేదు. దాని ఫలితం వినండి.

నేను ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన తరువాత, ఒక శిక్షణ తరగతిలో ఇంగ్లండు దేశస్థుడొకాయన నన్ను "వాడ్యూ టీచ్?" అని అడిగాడు. మూడుసార్లు అడిగించుకున్నా నాకు అర్థం కాలేదు. చివరకు ఆయన కాగితం మీద వ్రాసి చూపాడు: "వాట్ డూ యూ టీచ్?" అది నేను ఆరవ తరగతికి నేర్పిన వాక్యమే! సిగ్గుతో తల వంచుకున్నాను. నా కంటికి ఇంగ్లీషు వచ్చును గాని, చెవికి రాదన్నమాట.

దీనికి కారణమేమిటి? తెలుగులో "ఏమి", "అంటివి" కలిస్తే "ఏమంటివి" అవుతుంది. ఇది సంధి. కలిపి పలుకుతాం, కలిపే వ్రాస్తాం. ఇంగ్లీషువారూ మాటలను కలిపే పలుకుతారు. కాని చాలావరకు విడివిడిగా వ్రాస్తారు. "యాన్ ఎగ్" అన్నది "అనెగ్" అని వినబడుతుంది. ఈ సంధి పుస్తకంలో కనబడదు; చెవితో పట్టుకోవలసిందే.

ఇందుకు చిన్న కథలు మేలు. 2004లో మొదలైన బ్రిటిష్ చిత్రం పెప్పా పిగ్‌లో ఒక్కొక్క కథ సుమారు ఐదు నిమిషాలే. 2018లో వచ్చిన ఆస్ట్రేలియావారి బ్లూయీలో ఏడు నిమిషాలు. రెండింటిలోనూ ఇంట్లో మాట్లాడుకునే మాటలే ఎక్కువ. ఒకే కథను మూడుసార్లు చూడండి. మొదటిసారి తెరమీద అక్షరాలు లేకుండా, రెండవసారి ఇంగ్లీషు అక్షరాలతో, మూడవసారి మళ్ళీ అక్షరాలు తీసివేసి చూడండి. తరువాత మీకు నచ్చిన రెండు వాక్యాలు అచ్చం అలాగే పలకండి.

పెద్దలకొక మాట. చెవికి శిక్షణ కావాలంటే తెరమీద మాతృభాష అక్షరాలు పెట్టకండి. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో డచ్చి విద్యార్థులకు స్కాట్లండు, ఆస్ట్రేలియా యాసల ఇంగ్లీషు చిత్రాలు చూపారు. ఇంగ్లీషు అక్షరాలతో చూసినవారికి ఆ యాస బాగా పట్టుబడింది. డచ్చి అక్షరాలతో చూసినవారు కొత్త మాటలు వినడంలో వెనుకబడ్డారు. ఇంకొకటి: పిల్లలను టీవీకి అప్పగించి వెళ్ళిపోకండి. పక్కన కూర్చుని, "ఇప్పుడేమన్నది?" అని అడగండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు.

మొన్న మా మనుమరాలు పరుగున వచ్చి, "తాతయ్యా! అందులో 'వానా, వానా' అంటున్నారు. ఎక్కడా వాన లేదే!" అన్నది. రెండవసారి అక్షరాలతో చూసి తానే గంతులు వేసింది. అది "వాంట్ టూ"!

మరి ఈ నెల మీరు పట్టుకున్న సంధి ఏమిటో నాకు వ్రాస్తారు కదూ?