తిట్లు లేకున్న చాలునా?

"ఆ యబ్బాయి వీడియోలలో చెడుమాట యొక్కటియు లేదు, మా పిల్లలు చూచినను మాకు బెంగ లేదు" అని చదువుకొన్న గృహస్థు లనేకులు నేడు ధైర్యముగా చెప్పుచున్నారు. యూట్యూబులో వీడియోలు చేసి పేరుపొందినవారిలో ఎవరు పిల్లలకు తగుదురో నిర్ణయించుటకు వారియొద్దనున్న తూనికరాయి యిదియొక్కటే. బూతు లేదు, నెత్తురు లేదు, కావున మంచిది! చెంబు శుభ్రముగా తోమినారు గనుక అందులోని కల్లును బిడ్డకు పట్టవచ్చునన్నట్లున్నది ఈ తర్కము.

అమెరికాలో 2015వ సంవత్సరమున ఒక పసిబాలుని తలిదండ్రులు "రయాన్ టాయ్స్ రివ్యూ" అను ఛానెలు ప్రారంభించిరి. బాలుడు కొత్తబొమ్మ పెట్టె విప్పును, ఆడును, కేరింతలు కొట్టును. అసభ్యమన్నది మచ్చునకైనను లేదు. 2018లో ఫోర్బ్స్ పత్రిక ఆ యేటి యూట్యూబు సంపాదనపరులలో ఆ బాలునే మొదటివానిగా లెక్కించి, రాబడి 2 కోట్ల 20 లక్షల డాలర్లని ప్రకటించెను. అందులో మిక్కిలి భాగము వ్యాపారప్రకటనలవలన వచ్చినదే. ఆ యేడే అతని పేరిట బొమ్మలు వాల్‌మార్టు అంగళ్లకెక్కినవి. ఏది ఆటయో, ఏది ప్రకటనయో బడియీడు రాని పసివారికి తెలియకుండ చేయుచున్నారని 2019లో "ట్రూత్ ఇన్ అడ్వర్టైజింగ్" అను సంస్థ ప్రభుత్వమునకు ఫిర్యాదు చేసెను. ఆ ఫిర్యాదు సంగతి యట్లుంచుడు. బజారులో బొమ్మకొరకు నేలబడి దొర్లు బిడ్డను మొండివాడని మనము కొట్టుదుము గదా. ఆ మొండితనము నేర్పిన గురువునకు నెలనెల రీఛార్జి రూపమున గురుదక్షిణ చెల్లించుచున్న వారెవరు?

ఇదే యూట్యూబులో అరవింద్ గుప్తాగారి వీడియోలును గలవు. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి, 2018లో పద్మశ్రీ పొందిన యీయన చిత్తుకాగితములు, అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలు మొదలగు చవుక వస్తువులతో ఆటబొమ్మలు చేసి చూపుదురు. ఆ వీడియో ముగిసిన పిదప బిడ్డ అగ్గిపుల్లలకొరకు వంటయిల్లు వెదకును. మొదటిదానిని చూచిన బిడ్డ తండ్రి జేబు వెదకును. రెండింటను బూతు లేదు. మన మిత్రుల తూనికరాయికి రెండును సమానమే!

మరికొందరు "పిల్లలకొరకు చేసినది" అను గుర్తును చూపి నిశ్చింతగా నుందురు. ఆ గుర్తు పుట్టుక వినదగినది. తలిదండ్రుల యనుమతి లేకయే పిల్లల వివరములు సేకరించినందులకు 2019లో గూగులు, యూట్యూబు సంస్థలు అమెరికాలో 17 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నవి. అటుపిమ్మట 2020 జనవరినుండి వీడియో చేయువాడే తన వీడియో పిల్లలదో కాదో చెప్పవలెనను నియమము వచ్చెను. నేతిడబ్బాపై అగ్‌మార్కు ముద్రవలె సరకును పరీక్షించి వేసినది గాదు. అమ్మువాడు తన చేతితో వ్రాసికొన్న చీటి. పిల్లలకొరకే 2015లో వెలసిన యూట్యూబు కిడ్స్ యాపులోనికి సైతము, పిల్లలెరిగిన బొమ్మకథల పాత్రలను వాడుకొని జుగుప్సాకరదృశ్యములు నింపిన వీడియోలు చొరబడినవని 2017లో బయటపడలేదా?

వీడియో వేరు, దానిని చేయువాడు వేరు అను మాటయు వినుచున్నాము. పెద్దలవిషయమున అట్లే కావచ్చును. బిడ్డ మాత్రము వీడియోను చూడదు, మనిషిని చూచును. దినదినము వాని నవ్వు, వాని మాటతీరు, వాడు ఇతరులపట్ల నడచు నడక దానికి అలవడును. అమెరికా యువకుడు లోగన్ పాల్‌ను కోటిన్నరమంది అనుసరించుచుండిరి, అందు పిల్లలనేకులు. 2017 డిసెంబరు 31న అతడు జపానులోని అవొకిగహర అడవిలో ఆత్మహత్య చేసికొన్నవాని శవమును చూపుచు వీడియో పెట్టెను. లోకము ఛీకొట్టగా తీసివేసి క్షమాపణ చెప్పుకొనెను. అంతటి పని యొక్కనాటిలో పుట్టునా? ఆ ప్రయాణపు వీడియోలలోనే వీధిన పోవువారిని వేళాకోళము చేసిన దృశ్యములు గలవు. ఎదుటి మనిషి తనకు ఆటవస్తువైన వానికి శవమును ఆటవస్తువే.

దూరదేశపు సంగతియని త్రోసివేయ వీలులేదు. తండ్రీకూతుళ్ల వీడియో యొకదానిపై మిత్రులతోగూడి అశ్లీలవ్యాఖ్యలు చేసినాడను అభియోగమున ఒక తెలుగు యూట్యూబరును 2024 జూలైలో తెలంగాణ పోలీసులు నిర్బంధించిరి. పరులను వెక్కిరించుట అంతకుముందునుండియు అతని ఛానెలునకు వృత్తియే. భార్యను ఏడిపించి, తల్లిని బెదరించి, నల్లని పిల్లను, నత్తివానిని నవ్వులపాలు చేసి "ప్రాంకు" అని పేరుపెట్టు వీడియోలు మన భాషలో నెన్ని లేవు? వీనిలో బూతు లేకపోవచ్చును. స్త్రీని ఏడిపించుట వినోదమని యేడేండ్ల మగబిడ్డకు బూతు లేకయే బోధపడును.

అయినచో ఫోను లాగివేయుడని చెప్పువారితో మాకు పొత్తు కుదరదు. అగ్గిపుల్లలు వెదకు బిడ్డ యేమి కావలెను? మేము కోరునది కష్టమైన పని: ఒక వీడియోకర్తను ఇంటిలోనికి రానిచ్చుటకు ముందు వాని పాతవి, కొత్తవి పది వీడియోలైనను మొదటినుండి తుదివరకు చూడుడు. వాడు ఎవరిని చూచి నవ్వుచున్నాడు? బిడ్డను ఏమి చేయుమనుచున్నాడు, ఏమి కొనుమనుచున్నాడు? తెర ఆరిపోయిన పావుగంటకు బిడ్డ యేమి చేయుచున్నది?

ఇదంతయు తల్లుల పనియని పురుషులు తప్పించుకొనుట మే మెరుగుదుము. ఒకచేత పొయ్యి, ఒకచేత పసిబిడ్డ గలిగి, అన్నము తినిపించుటకు ఫోనిచ్చిన యిల్లాలిని నిందించుటకు మాకు నోరురాదు. కచేరినుండి వచ్చి రాత్రి పదిగంటలదాక తన ఫోను తాను చూచుకొను తండ్రికి, బిడ్డ చూచునది చూచుటకు అరగంట తీరిక లేదా?