గోలు కొట్టినవారు, ఆట నేర్పినవారు

ఆడినవానిని స్మరించుకోవడం మన సమాజానికి తెలుసు; ఆట నేర్పినవానిని స్మరించుకోవడం ఇంకా అలవడలేదు. 2023 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో మహమ్మద్ హబీబ్ కన్నుమూసినప్పుడు వెలువడిన సంతాప వ్యాసాలను గమనించినవారికి ఈ సంగతి విశదమవుతుంది. చాలావాటిలో పెలే ఉన్నాడు, ఈడెన్ గార్డెన్స్ ఉంది, గోలు ఉంది. జంషెడ్‌పూరుకు, హల్దియాకు దక్కినవి ఒకటి రెండు వాక్యాలు. ఆ ఒకటి రెండు వాక్యాలను గురించే మేము ఈ సంచికలో ముచ్చటించదలచినాము.

హబీబ్ 1949లో హైదరాబాదులో జన్మించారు. 1966లో, పదిహేడేళ్ల ప్రాయంలో, కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ జట్టులో ముందువరుస ఆటగానిగా నిలిచారు. అటుపిమ్మట మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లలోను మార్చి మార్చి ఆడి, 1984 వరకు ఆ మహానగరాన్ని తన ఆటతో ఏలినారు. వంగదేశీయులు ఆయనను ‘బడే మియా’ అని పిలుచుకున్నారు. ఆయన తమ్ముడు అక్బర్ 1976లో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన పదిహేడు సెకన్లకే గోలు కొట్టిన ఘనుడు. 1970 బాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో హబీబ్ ఉన్నారు. ఆ జట్టు నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదీయుడే. 1980లో అర్జున పురస్కారం లభించింది. ఆటగానికి ఉద్యోగమే పరమావధి అయిన ఆ రోజులలో హబీబ్ ఉద్యోగాలు కాదని, బంతినే వృత్తిగా స్వీకరించినారు. మన ఇండ్లలో పెద్దలు ఈ మాట వింటే ఏమంటారో విద్యార్థి సోదరులకు చెప్పనక్కరలేదు.

1977 సెప్టెంబరు 24న పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2 గోల్స్‌తో సమఉజ్జీగా నిలిచింది. ఆ రెండింటిలో ఒకటి హబీబ్‌ది. మన ప్రాంతంలో ఆ ముచ్చట గుర్తున్నవారు అరుదు. అందుకు కారణమూ ఉన్నది. సరిగ్గా ఎనిమిది వారాలకు, నవంబరు 19న, ఉప్పెన దివిసీమను ముంచివేసినది. 1977 అనగానే మన పెద్దలకు గుర్తువచ్చేది శవాల గుట్టలు గాని ఆటల ముచ్చట్లు కావు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

ఇక అసలు విషయం. ఆట విరమించిన తరువాత హబీబ్ శిక్షకుడైనారు. 1987లో జంషెడ్‌పూరులో నెలకొన్న టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు ఆట నేర్పినారు. తరువాత బెంగాలు ఫుట్‌బాల్ సంఘం హల్దియాలో నడిపిన అకాడమీకి వెళ్లినారు. అదీ మన బందరు వలె రేవు పట్టణమే. నడుమ మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టుకు శిక్షణ ఇచ్చినారు. సహచరుడు నయీముద్దీన్ భారత జట్టుకే గాక ఢాకా వెళ్లి బంగ్లాదేశ్ జట్టుకు కూడా గురువైనారు. 1990లో ద్రోణాచార్య పురస్కారం పొందినారు. ఆటగానిగా ఉన్నప్పుడు ఊరు ఆయన వెంట పడుతుంది. శిక్షకుడైన పిమ్మట పెట్టె పట్టుకొని ఆయనే ఊళ్ల వెంట తిరగాలి. జట్టు గెలిస్తే పేరు కుర్రవానిది, ఓడితే నింద గురువుది. గోలుకు లెక్క ఉన్నది. పన్నెండేళ్ల బాలునికి ఎడమకాలితో బంతి ఆపడం నేర్పినందుకు ఏ పుస్తకంలోను లెక్క లేదు.

ఈ విద్య హైదరాబాదుకు ఎక్కడ నుండి వచ్చిందో చెప్పకపోతే మా వ్యాసం సగమే అవుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. రహీం సాహెబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం పొందింది. 2024లో వెండితెర కూడా ఆయన కథ చెప్పింది. కాని మాకు నచ్చినది మరొకటి. పిల్లల కోసం ఆయన వింత పోటీలు పెట్టేవారు. ఒకదానిలో బంతిని కాలికి అంటించుకొని పరుగెత్తకూడదు, వెంటనే అందించవలసిందే. మరొకదానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇందుకు పచ్చిక మైదానం అక్కరలేదు, విదేశీ పరికరాలు అక్కరలేదు. కావలసినది రోజూ వచ్చి నిలబడే ఒక మనిషి. 1963 జూన్ 11న ఆ మనిషి పోయినారు. తరువాత కూడా, 1965–66లో, ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కాని మెరికలు కలకత్తాకు తరలిపోతూనే ఉండినవి, వెనుక వచ్చేవారిని తీర్చిదిద్దేవారు కరువైనారు. హబీబ్ వంటివారు తమ విద్యను సొంత ఊళ్లో కాక జంషెడ్‌పూరులోను, హల్దియాలోను పంచవలసి రావడం మన దౌర్భాగ్యమని మేము భావిస్తున్నాము.

ఇప్పుడు పాలకవర్గం వారికి మా విన్నపం. మన కళాశాలలో ఏటా వసూలయ్యే ఆటల రుసుము వార్షికోత్సవ వారంలో బనియన్లకు, కప్పులకు, షామియానాకు ఖర్చయిపోతున్నది. మిగిలిన పదకొండు నెలలు బంతి బీరువాలో ఉంటుంది. మన ఊరిది కబడ్డీ, వాలీబాలు మన్ను గాని ఫుట్‌బాలు మన్ను కాదని కొందరు పెద్దలు అంటారు. కబడ్డీకి మాత్రం శిక్షకుడు ఉన్నాడా? ‘కోతలయ్యాక పొలాల్లో ఆడుకోండి’ అని మరికొందరి సలహా. వరి కోయకముందే చేలో మినుము చల్లే సీమ మనది; కొడవలి ఎత్తేసరికి కాళ్ల కింద మొలక ఉంటుంది. ఆ చేలో బంతి తన్నితే రైతు ఏమి చేస్తాడో సలహా ఇచ్చిన పెద్దలకూ తెలుసు. కనుక కళాశాల మైదానమే మాకు దిక్కు.

ఒక కళాశాల భరించలేని జీతాన్ని నాలుగు కళాశాలలు పంచుకోవచ్చు. ఘంటసాల, చల్లపల్లి, మొవ్వ, అవనిగడ్డలకు కలిపి ఒక్క శిక్షకుని నియమించి, వారానికి ఒక్కొక్క చోట ఒకటి రెండు సాయంత్రాలు వచ్చేటట్లు ఏర్పాటు చేయవచ్చు. ఒక ఋతువుకు కాక కనీసం మూడేళ్లకు ఒప్పందం రాయాలి. మొదటి ఏట కప్పు రాలేదని మాన్పించే పక్షంలో అసలు పిలవకపోవడమే మేలు. బస్సు ఛార్జీలు విడిగా ఇవ్వాలి. అవి జీతంలో కలిపేస్తే రెండవ నెలలోనే ఆయన రాకపోకలు తగ్గుతాయి. బాలికలకు కూడా అదే శిక్షకుడు, వేరు సమయంలో.

ఈ సంవత్సరపు కప్పుల పద్దును తగ్గించి ఆ సొమ్మును ఇందుకు మళ్లించినా మాకు అభ్యంతరం లేదని విద్యార్థుల పక్షాన రాసి ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము. వేసవి సెలవులకు ముందే పొరుగు కళాశాలల ప్రిన్సిపాళ్లకు ఉత్తరాలు వెళ్లితే, జూన్‌లో తొలకరి పడేనాటికి ఆయన పేరు ఖాయం చేసుకోవచ్చు.