కోయ కట్టుబాటులో ఆడపిల్ల మాట

భద్రాచలం మన్యానికి ఉద్యోగాల మీద వచ్చినవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది: "కోయవాళ్లకు కట్టుబాట్లే తప్ప సొంత విలువలుండవు. అవి చదువుతోనే రావాలి." ఈ మాట తప్పు. పెళ్లి సంగతి ఒక్కటి చూసినా తేలిపోతుంది.

1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. 1856లోనే చట్టం అనుమతించిన పెళ్లికి పాతికేళ్ల తర్వాత కూడా ఊరు ఒప్పుకోలేదు. ఆయన్ని వెలివేయడానికి ముందుకొచ్చినవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఆనాడు భద్రాచలం కూడా గోదావరి జిల్లాలోదే. అక్కడి కోయ గూడేల్లో భర్త పోయిన స్త్రీ మారుమనువాడటానికి చట్టమూ అక్కర్లేకపోయింది, సంస్కర్తా అక్కర్లేకపోయాడు.

విడాకులూ అంతే. దేశమంతటా హిందూ స్త్రీకి ఆ హక్కు 1955 చట్టంతో గానీ దక్కలేదు. కోయల్లో కాపురం పొసగకపోతే పెద్దలు కూర్చుని ఇద్దరి మాటా వింటారు. భార్య వేరొకరిని కట్టుకుంటే మొదటి భర్త ఇచ్చుకున్న ఓలి (కన్యాశుల్కం) అతనికి తిరిగి ముట్టాలి. లెక్క తెగితే తగువు తీరినట్టే.

"ఇతనితో ఉండను" అనుకోవడం ఆమె సొంత విలువ. ఆ మాట నలుగురిలో చెప్పి, తలవంచుకోకుండా బతకగలగడం కట్టుబాటు ఇచ్చిన అండ. ఆ అండ లేనిచోట ఎంత చదివిన ఆడపిల్లకైనా మాట గొంతులోనే ఆగిపోతుంది.

కోయ ఆచారాలన్నీ మంచివని కాదు. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం ప్రాంతం గురించి 1870ల్లో రాసిన వ్యాసాల్లో పిల్లను బలవంతంగా ఎత్తుకుపోయి పెళ్లాడే పద్ధతి కనిపిస్తుంది. అది అన్యాయమే. ఓలి భారమై అప్పులపాలైన కుటుంబాల బాధా నిజమే. అయితే ఒక ఆచారం చెడ్డదైనంత మాత్రాన ఆ జాతికే విలువలు లేవనడం ఏం న్యాయం? ఆ లెక్కన కట్నం ఇచ్చిపుచ్చుకునే మైదానానికి ఏం పేరు పెట్టాలి? 1961లోనే చట్టం నిషేధించిన కట్నానికి డిగ్రీలున్న ఇళ్లలోనే నేటికీ బేరాలు సాగుతున్నాయి.

భద్రాచలం ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు ఒక విన్నపం. గూడెం పద్ధతులను అనాగరికమని పిల్లలకు నూరిపోయకండి. వాటిలో ఏది నిలుపుకోవాలో, ఏది వదులుకోవాలో ఆ పిల్లలచేతే, ముఖ్యంగా ఆడపిల్లలచేత, తరగతిలో మాట్లాడించండి. తీర్పు చెప్పే హక్కు వాళ్లది.