ఓట్లు చీల్చారన్న నింద

2024 జూన్ 4న లెక్కింపు ముగిసేసరికి కడపలో రెండు శిబిరాలకూ ఒకే దోషి దొరికింది. లోక్‌సభ స్థానంలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వైఎస్ అవినాష్ రెడ్డికి 6,05,143 ఓట్లు, తెలుగుదేశం అభ్యర్థి భూపేష్ సుబ్బరామిరెడ్డికి 5,42,448 ఓట్లు వచ్చాయి. మూడో స్థానంలో ఉన్న కాంగ్రెస్ అభ్యర్థి వైఎస్ షర్మిలకు 1,41,039. ఆమెకు డిపాజిట్ దక్కలేదు. మొదటి ఇద్దరి మధ్య తేడా 62,695, ఆమెకు పడినవి అంతకు రెట్టింపు పైనే. 2019లో 3.80 లక్షలకు పైగా వచ్చిన మెజారిటీ ఇంతగా పడిపోయిందంటే అది షర్మిల చలవేనని ఒకవైపు వాళ్లు అన్నారు. ఆ పరిధిలో ఏడు అసెంబ్లీ స్థానాలకు ఐదు గెలిచిన కూటమికి ఎంపీ సీటు రాలేదంటే అదీ షర్మిల వల్లేనని రెండోవైపు వాళ్లు అన్నారు.

ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఉన్నవి అవే లక్షా నలభై ఒక్క వేల ఓట్లు. అవి మాకు రావలసినవని ఒకరంటే, కాదు మాకు రావలసినవని ఇంకొకరంటారు. ఆ ఓట్లు వేసినవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె పోటీలో లేకపోతే వాళ్లలో కొందరు ఫ్యాను మీద నొక్కేవారు, కొందరు సైకిలు మీద, కొందరు నోటా మీద. కొందరు పోలింగ్ రోజు ఇల్లు కదిలేవారే కాదు. ఎవరెందరన్నది ఈవీఎం చెప్పదు, ఎందుకంటే ఆ ప్రశ్న అది అడగనే లేదు. అడగని ప్రశ్నకు జవాబు మాకు తెలుసని రెండు పార్టీలూ చెప్పుకుంటున్నాయి.

షర్మిల రాజకీయాలను సమర్థించడం ఈ వ్యాసం పని కాదు. ఆమె వాదనల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. నేను ఖండిస్తున్నది రచ్చబండ నుంచి టీవీ చర్చ దాకా ఎవరూ ఎదురు ప్రశ్న వేయకుండా ఒప్పుకుంటున్న ఒక అభిప్రాయాన్ని: పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు మూడోవాడు నిలబడకూడదు, నిలబడినా వాడికి ఓటేయకూడదు, వేస్తే ఆ ఓటు ఏట్లో పారేసినట్టే. ఈ మాట లెక్క ప్రకారం తప్పు, ఓటరుకు అవమానం, అన్నింటికీ మించి కర్నూలు, కడప లాంటి కరువు సీమకు పెద్ద నష్టం.

ఓటు మీద ముందస్తు హక్కు ఏ పార్టీకీ లేదు. వ్యతిరేక ఓటంతా మాదేనని ప్రతిపక్షం అనుకోవడం, ఫలానా కుటుంబాన్ని అభిమానించేవాళ్లంతా మావాళ్లేనని పాలకపక్షం అనుకోవడం, రెండూ జనాన్ని పట్టాదారు పాసుపుస్తకంలో రాసుకున్న భూమిలా చూడటమే. ఆ భూమి కాస్త పక్కకు జరిగితే ఎవరో కబ్జా చేశారని గగ్గోలు. మూడో అభ్యర్థికి ఓటేసినవాడు ఎవరి సొత్తూ దోచి ఇంకొకరికి పెట్టలేదు. మీ ఇద్దరిలో ఎవరూ నాకు నచ్చలేదని చెప్పాడు, అంతే.

ఇదే సీమలో ఓటర్లు మరో విధంగా ఓటేసిన సందర్భం అంతకు ఏడాది ముందే ఉంది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక జరిగింది. పాత కర్నూలు, కడప, అనంతపురం జిల్లాలు మూడూ దాని పరిధి. బరిలో 40 మందికి పైగా ఉన్నారు. అక్కడ ఈవీఎం లేదు. కాగితం మీద ఊదారంగు స్కెచ్ పెన్నుతో ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్య క్రమంలో అంకెలు వేయాలి. మొదటి ప్రాధాన్య ఓట్లలో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి 95,969తో ముందున్నారు. పులివెందులకు చెందిన తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రామగోపాల్ రెడ్డికి 94,149. మామూలు ఎన్నికైతే కథ అక్కడితో అయిపోయేది. వామపక్షాల మద్దతున్న పీడీఎఫ్ అభ్యర్థి ఓట్లు చీల్చి పాలకపక్షాన్ని గెలిపించాడని ఐదేళ్లు తిట్టేవారు. కానీ అనంతపురంలో లెక్కింపు అక్కడ ఆగలేదు. ఎవరికీ సగానికి మించి రాలేదు కాబట్టి కింద ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ల కాగితాల మీద రెండో అంకె ఎవరికి ఉందో చూస్తూ పోయారు. చివరికి రామగోపాల్ రెడ్డి 1,09,781, రవీంద్రారెడ్డి 1,02,238. తేడా 7,543.

ఫలితం కంటే నాకు ముఖ్యం అంతకుముందు జరిగినది. ఆ ఎన్నికలో తెలుగుదేశం, పీడీఎఫ్ తమ రెండో ప్రాధాన్య ఓట్లు ఒకరికొకరు వేయించుకోవాలని ముందే బహిరంగంగా ఒప్పందం చేసుకున్నాయి. పోటీ నుంచి తప్పుకోమని పెద్ద పార్టీ చిన్న పార్టీని బెదిరించలేదు, దాని ఓటర్లను ద్రోహులని తిట్టలేదు. వచ్చి అడిగింది. రెండో అంకె మాకు వేయించండి అని అడిగింది. లెక్కించే పద్ధతి మారగానే తిట్టు పోయి అడగడం వచ్చింది. మనుషులు వాళ్లే, పార్టీలు అవే.

ఇంతకంటే పెద్ద సాక్ష్యం కావాలంటే 1969 రాష్ట్రపతి ఎన్నిక చూడాలి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, 1962లో డోన్ నుంచి అసెంబ్లీకి వెళ్లిన నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఎదుట ఇంకో తెలుగువాడు వి.వి.గిరి. మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్, స్వతంత్ర పార్టీ, జనసంఘ్ నిలబెట్టిన అభ్యర్థి. ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్న ఇందిరాగాంధీ పిలుపు అందరికీ గుర్తే, దేశ్‌ముఖ్ ఎవరికీ గుర్తులేడు. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. రెండో ప్రాధాన్యాలు లెక్కపెట్టాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. సుమారు 88 వేల తేడా 15 వేల లోపుకు వచ్చేసింది. దేశ్‌ముఖ్‌కు వేసినవాళ్లలో అత్యధికులు రెండో అంకె సంజీవరెడ్డికే వేశారని అంకెలే చెబుతున్నాయి. ఓడినాయన మూడోవాడు తన ఓట్లు తినేశాడని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ ఓటర్ల రెండో మాట కూడా విన్నారు, లెక్కపెట్టారు. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప రెండో ప్రాధాన్యాల కోసం జనసంఘ్, స్వతంత్ర నాయకుల దగ్గరికి వెళ్లి మాట్లాడారు. ఇందిర శిబిరం దాన్నే పెద్ద నేరంగా చూపింది. నాకైతే అందులో నేరం కనబడదు. దేశాన్ని ఏలుతున్న పార్టీ అధ్యక్షుడు తనకంటే చిన్న పార్టీల గుమ్మం ఎక్కి ఓటు అడగవలసి రావడం ప్రజాస్వామ్యానికి మంచి రోజే.

అమెరికాకు అలాంటి మంచి రోజు రాలేదు. 2000లో ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్లతో గెలిస్తే, 97 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్న రాల్ఫ్ నాడర్‌ను నేటికీ తిడుతున్నారు. ఆ బ్యాలెట్ మీద పేరున్న చిన్నా చితకా అభ్యర్థుల్లో ప్రతి ఒక్కరికీ 537 కంటే ఎక్కువే వచ్చాయి. 622 ఓట్లు తెచ్చుకున్న సోషలిస్టును కూడా అదే లెక్కన దోషిని చేయవచ్చు. ఎవరినైనా పట్టుకుని నిలదీయగల లెక్క అసలు లెక్కే కాదు.

ఇక్కడ ఒక ఎదురు వాదన ఉంది, బలమైనదే. 'అసెంబ్లీకి, లోక్‌సభకు ఆ పద్ధతి లేదు కదా. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. ఆ సంగతి తెలిసీ నిలబడితే, నీకు అసలు నచ్చనివాడే నీ వల్ల గెలుస్తాడు. సిద్ధాంతం నీకు, కష్టం ఊరికి.' ఇలా అనేవాళ్లంతా స్వార్థపరులని నేను అనను. భయంతో అంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. కానీ ఈసారికి ఊరుకో అన్న ఈ సలహాకు గడువు ఎప్పుడు తీరుతుంది? నాకు ఊహ తెలిసినప్పటి నుంచి కీలకం కాని ఎన్నిక ఒక్కటీ రాలేదు. ప్రతిసారీ ఈ ఒక్కసారికే అంటారు.

ఊరుకున్నందుకు సీమకు ఏం దక్కిందో జమ్మలమడుగు చుట్టుపక్కల వెళ్లి చూడవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో బ్రహ్మణీ పేరుతో వైఎస్ రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నెలో చంద్రబాబు నాయుడు ఇంకో రాయి వేశారు. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లెలో జగన్‌మోహన్ రెడ్డి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ ఆయనే జిందాల్‌ను వెంటబెట్టుకుని. పదహారేళ్లు, నాలుగు శంకుస్థాపనలు, కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ ప్రభుత్వాలు. ఉక్కు మాత్రం ఒక్క కడ్డీ బయటికి రాలేదు. రాయి వేసినా ఈ ఓటు మనదే, వేయకపోయినా మనదే, కోపం వస్తే వెళ్లేది అవతలివాడి దగ్గరికే, ఐదేళ్లకు మళ్లీ మన దగ్గరికే అన్న ధీమా ఉన్నంతకాలం ఐదో రాయి కూడా పడుతుంది. వెళ్లడానికి మూడో చోటు ఉందన్న భయం నాయకుడికి లేకపోతే ఓటరు చేతిలో బేరం లేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గురించి, కృష్ణా నీళ్ల గురించి, కర్నూలుకు హైకోర్టు గురించి అడిగేవాళ్లు ఈ గడ్డ మీద తరతరాలుగా ఉన్నారు. ఎన్నికలు వచ్చేసరికి ఓట్లు చీలిపోతాయన్న ఒక్క మాటతో వాళ్ల నోరు మూయిస్తారు. తర్వాత వాళ్లకు బలం లేదని వాళ్లనే ఎగతాళి చేస్తారు.

బలం లేని మూడోవాళ్లకు ఓటేసిన చరిత్ర సీమకు కొత్త కూడా కాదు. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలకు 41 కాంగ్రెస్ గెలుచుకుంది. మిగిలిన ఒక్కటి నంద్యాల. జనతా పార్టీ నుంచి సంజీవరెడ్డిని పంపిన ఊరు అది. గాలి ఎటు వీస్తుందో చూసుకుని నంద్యాల ఓటేసి ఉంటే ఆయన ఆ ఏడాదే స్పీకరు, ఆపైన రాష్ట్రపతి కావడానికి దారే ఉండేది కాదు. 1978లో పులివెందుల నుంచి రాజశేఖరరెడ్డి తొలిసారి అసెంబ్లీకి వెళ్లింది రెడ్డి కాంగ్రెస్ టికెట్టు మీద. ఆ ఎన్నికలో ఇందిరా కాంగ్రెస్‌కు 175, జనతాకు 60, రెడ్డి కాంగ్రెస్‌కు 30. అంటే ఆయనా మూడో పార్టీ మనిషే. 2009లో శోభా నాగిరెడ్డి ఆళ్లగడ్డ గెలిచింది ప్రజారాజ్యం నుంచి. 2011 మేలో కడప ఉప ఎన్నికలో 5.45 లక్షల మెజారిటీతో జగన్‌ను గెలిపించిన రోజున వైఎస్సార్‌సీపీ వయసు రెండు నెలలు. ఇవాళ మూడోవాడు తప్పుకోవాలని చెబుతున్న పార్టీలు తాము ఎక్కివచ్చిన నిచ్చెన గుర్తు తెచ్చుకోవాలి.

పవన్ కళ్యాణ్ ఉదాహరణ నా మీదికి విసురుతారని తెలుసు. 2022 మార్చి 14న ఇప్పటం సభలో వ్యతిరేక ఓటు చీలనివ్వనని ఆయన ప్రకటించారు. 2024లో 21 స్థానాల్లో నిలబడి 21 గెలిచారు. నిజమే, పొత్తు తప్పని నేను అనను. కానీ ఆ పొత్తులో ఆయన బేరం పెట్టగలిగింది దేనితో? 2019లో రెండు పెద్ద పార్టీలకూ దూరంగా నిలబడి, ఒక్క రాజోలు తప్ప అన్నీ ఓడి, ఓట్లు చీల్చాడన్న మాటలు పడి తెచ్చుకున్న ఆ ఐదారు శాతం ఓట్లతోనే. అప్పుడు ఇంట్లో కూర్చుని ఉంటే 2024లో పొత్తుకు పిలిచేవాళ్లే ఉండరు. పార్టీలు కూర్చుని బేరం కుదుర్చుకోవడం వేరు, బేరంలో పాలే ఇవ్వకుండా ఓటరును దబాయించి తమ వైపు తోలుకోవడం వేరు.

ప్రాధాన్య ఓటు పల్లె జనానికి అర్థం కాదనేవాళ్లు శ్రీలంక వైపు చూడాలి. అక్కడ అధ్యక్ష ఎన్నికలో ప్రతి ఓటరూ మూడు దాకా అంకెలు వేయవచ్చు. 2019లో మూడు శాతం ఓట్లు తెచ్చుకున్న అనుర కుమార దిసనాయకె 2024 సెప్టెంబరులో 42 శాతంతో మొదటి స్థానానికి వచ్చారు, అయినా సగం దాటలేదు కాబట్టి ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో లెక్కింపు జరిగాకే అధ్యక్షుడయ్యారు. కౌలు రైతూ, తేయాకు తోటల కూలీ కూడా ఓటేసిన ఎన్నిక అది.

మన దగ్గర ఇందుకు రాజ్యాంగాన్ని తిరగరాయనక్కర లేదు. రాష్ట్రపతి ఎన్నికకు ఈ పద్ధతిని 55వ అధికరణమే విధించింది. లోక్‌సభ, అసెంబ్లీల విషయం పార్లమెంటు చేసే చట్టం చేతిలో ఉంది, 327వ అధికరణం ఆ అధికారం ఇచ్చింది. 2023లో రెండో ప్రాధాన్యం కోసం చేతులు కలిపిన తెలుగుదేశానికి ఇప్పుడు లోక్‌సభలో 16 మంది ఉన్నారు. ఢిల్లీ ప్రభుత్వానికి మద్దతిస్తున్నవాళ్లలో వాళ్లూ ఉన్నారు. కర్నూలు, నంద్యాల ఎంపీలు వాళ్లే. కడప ఎంపీ అవతలి పార్టీ. ఆయన్ను గెలిపించిన లెక్కలోనే ఆయనకు పడిన వాటికంటే మిగతా ఇద్దరికి కలిపి పడినవి ఎక్కువ. ఓట్లు చీలాయన్న బాధ నిజంగా ఉంటే ముగ్గురూ కలిసి ఒక ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టవచ్చు. వచ్చే ఎన్నికల్లో మూడోవాడికి వేయకండి అని మీ వీధికి వచ్చినవాళ్లను ముందు ఆ బిల్లు సంగతి అడగండి.