సుబ్బారావుగారి ఋణము

మనవారు తమ గొప్పవారిని బ్రదికియున్నంత కాలము గుర్తెరుగరు. గతించిన పిమ్మట జయంతులు చేయుదురు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి విషయములో ఈ రెండవ పనియు సరిగా జరుగలేదు. 1995లో శతజయంతికి ప్రభుత్వము వారి బొమ్మతో తపాలాబిళ్ల వేసినది. కాని రక్తపు కేన్సరు సోకిన పసిబిడ్డకు నేడు మన ఊళ్లలో ఇచ్చుచున్న మాత్ర ఆయన ప్రయోగశాలనుండి వచ్చినదని ఎందరికి తెలియును?

మదరాసు వైద్యకళాశాలలో చదువుకొను దినములలో గాంధీమహాత్ముని పిలుపు నాలకించి సుబ్బారావుగారు ఖద్దరు అంగీ ధరించి శస్త్రచికిత్సాశాలకు పోయిరి. ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డు దొరకు కోపము వచ్చినది. ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పత్రము మాత్రమే చేతికి వచ్చినది. సర్కారు వైద్యశాఖలో చోటు దొరకక, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కొంతకాలము గడపిరి. స్ప్రూ అను గ్రహణిరోగము వారి సోదరులను పొట్టనబెట్టుకొనినది. 1922లో బోస్టను చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేయుచు, హార్వర్డులో చదివిరి. ఫిస్కే పండితునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించిరి. కండరములు పనిచేయుటకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి. అను ద్రవ్యములపై వారి పరిశోధనములు 1927, 1929 సంవత్సరములలో వెలువడినవి. అయినను హార్వర్డువారు స్థిరమైన ఉద్యోగ మీయలేదు. ఖద్దరు కట్టినందుకు మదరాసు తోసివేసినది. దానికంటె అమెరికా విశేషముగా ఉదారమైనదేమియు కాదు. 1940లో లెడర్లీ ఔషధశాల వారిని పరిశోధనమునకు పూర్తిగా పిలుచుకొనినది.

అచ్చట జరిగిన పనిని గ్రహింపవలెనన్న ముందు బొంబాయికి రావలెను. 1931లో లూసీ విల్సు అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి మిల్లు కూలిపడుచులలో గర్భిణులకు కలుగు పాండురోగము ఈస్టు సారముతో నయమగుటను ప్రకటించెను. ఆ సారములోని గుణమిచ్చు ద్రవ్యమే ఫోలికామ్లము. దానిని రసాయనశాలలో తయారుచేయు విధానమును సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు 1945లో సాధించిరి. సోదరులను మ్రింగిన స్ప్రూకు అది మందైనది.

ఫోలికామ్లము లేనిదే ఎముకలలోని మూలుగలో రక్తకణములు వృద్ధినొందవు. రక్తపు కేన్సరులో హద్దుమీరి పెరుగు కణములకును అదియే ఆహారము. బోస్టనులో పిల్లల వైద్యశాలయందు పనిచేయు సిడ్నీ ఫార్బరు, ఈ ద్రవ్యము రోగమును రెచ్చగొట్టుచున్నట్లు కనిపెట్టి, దానికి విరుద్ధముగా పనిచేయు దానిని కోరెను. పూతన తల్లివేషమున వచ్చినట్లు, ఫోలికామ్లమువలెనే కనబడి, కణములో దాని చోటు నాక్రమించి, పని మాత్రము చెరచు కపటద్రవ్యమును లెడర్లీవారు కల్పించిరి. అదియే అమినాప్టెరిను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వృత్తాంతము ప్రకారము 16 మంది బిడ్డలలో 10 మందికి రోగము తగ్గుముఖము పట్టినది. ఆ గుణము కొన్ని నెలలే నిలిచినది. అంతకుముందు వైద్యుని చేతిలో అదియు లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూసిరి. అమినాప్టెరినుకు తోడబుట్టినదైన మెథోట్రెక్సేటు తరువాత ప్రపంచమంతట వ్యాపించినది.

ఇచ్చట ఒక మాట. రోగి మంచమువద్ద నిలిచినవాడు ఫార్బరు. మందు పంపినది సుబ్బారావుగారి ప్రయోగశాల. ఆరియోమైసినును కనుగొనినది ఆయన క్రింద పనిచేసిన డగ్గరు. అన్నిటిని ఆయన ఒక్కరికే అంటగట్టుట భక్తులకు అలవాటు. ఉన్న కీర్తియే చాలినంత కలదు. అరువు సొమ్ములు పెట్టనక్కరలేదు.

బిడ్డలకు ఎక్కువగా వచ్చు లింఫోబ్లాస్టిక్ లుకేమియా సంపన్నదేశములలో నేడు నూటికి 80 మందికి పైగా నయమగుచున్నది. ఇచ్చట అంతమందికి నయము కాకపోవుటకు ఒక ముఖ్యకారణము, చికిత్స నడుమ మానివేయుట. అది రెండు మూడేండ్ల వ్యవహారము. మొదటి నెలలు ఆసుపత్రిలోనే గడచును. అటుపిమ్మట ఇంటివద్దనే వారమున కొకపర్యాయము మెథోట్రెక్సేటు, దినమునకు వేరొక మాత్ర, మధ్యమధ్య రక్తపరీక్ష. మాత్ర చౌక, ప్రయాణము చౌక కాదు. నడికుడిలో రైలెక్కి గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కోవారు కట్టించిన కేన్సరు విభాగమునకో, హైదరాబాదు ఎం.ఎన్.జె. వైద్యశాలకో పోయి, ఒక రక్తపరీక్ష చేయించుకొని వచ్చుటకు మిరపకోతల నాడు తల్లియు తండ్రియు కూలి పోగొట్టుకొనవలెను. ఆరోగ్యశ్రీ పేర 2007లో మొదలైన ప్రభుత్వ పథకము (పేరు ప్రభుత్వములతోపాటు మారుచుండును) ఆసుపత్రి ఖర్చు భరించినను ఈ కూలిని ఎవరు భరింతురు? బిడ్డ తిరుగులాడుచున్నాడు కదా, ఇక చాలునని వారనుకొందురు. రోగము అప్పుడే తిరుగబడును.

పల్నాడు 2022లో ప్రత్యేక జిల్లాయైనది. గురజాల, నరసరావుపేట సర్కారు ఆసుపత్రులలో రక్తకణములు లెక్కించి, ఫలితమును ఆనాడే గుంటూరు వైద్యునికి తెలిపి, ఆయన నిర్ణయించిన మోతాదును స్థానికముగానే ఇచ్చు ఏర్పాటు చేయుట అసాధ్యము కాదు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలు కట్టించుటలో పోటీపడు మన భూస్వాములు గుంటూరు ఆసుపత్రి చెంత బిడ్డలతో తల్లులు నిలుచుటకు ఒక సత్రము కట్టింపలేరా? యాత్రికులకు సత్రములు కట్టిన తాతల మనుమలే కదా వీరు! రక్తదానము చేయు యువకుల పట్టిక యొకటి ప్రతి గ్రామమున నుండవలెను. ఈ చికిత్సలో రక్తమెక్కింపవలసిన అవసరము తరచుగా కలుగును. ఇక మెథోట్రెక్సేటును వారమున కొకనాడు వేయవలసినది దినమును వేసిన ప్రాణము మీదికి వచ్చును. ఏ వారమున వేయవలెనో ఆ వారము పేరు పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసి మందుపొట్లముపై అంటించుటకు ఏ శాసనసభ అనుమతియు కావలసియుండదు, రేపే మొదలుపెట్టవచ్చును.