తలా తోకా ఉన్న అణువు

ఎద్దు మూపురాన్ని పోలి ఉండటం వల్ల బైలడిలా అని పేరు పొందిన కొండలు పాత బస్తరు జిల్లాలోనివి. 1998 నుండి అవి దంతెవాడ జిల్లాలో ఉన్నాయి. అక్కడి ఇనుప ఖనిజం 1960వ దశకం చివరి నుండి కిరందుల్–కొత్తవలస రైలుమార్గాన విశాఖపట్నం రేవుకు చేరుతున్నది. ఆ ఖనిజపు ఎర్రధూళి చెమటతోను, యంత్రాల గ్రీజుతోను కలిసి దుస్తులకు పట్టుకుంటే, దానిని వదిలించడం లాండ్రీకి చిన్న పరీక్ష కాదు.

నీటికీ జిడ్డుకూ పొత్తు కుదరదు. వాటి మధ్యవర్తి సబ్బు. సబ్బు అణువుకు తలా తోకా రెండూ ఉన్నాయి. తల నీటిని కోరుతుంది. కర్బన పరమాణువుల గొలుసైన తోక జిడ్డులోకి చొచ్చుకుపోతుంది. అసంఖ్యాకమైన అణువులు జిడ్డును ఇలా చుట్టుముట్టి నీటిలోకి లాగుతాయి. జిడ్డుతోపాటే అందులో చిక్కుకున్న ధూళి కూడా వదులుతుంది.

తోక పొడవును బట్టి గుణం మారుతుంది. కొబ్బరినూనె సబ్బులో ప్రధానమైన తోకకు 12 కర్బన పరమాణువులుంటాయి. అది చన్నీటిలోనే కరిగి నురుగునిస్తుంది. బస్తరు గిరిజన కుటుంబాలు అడవిలో ఏరే ఇప్పగింజల నూనెలో 16, 18 పరమాణువుల తోకలే అధికం. అటువంటి సబ్బు చన్నీటిలో మందకొడిగా కరిగినా, వేడినీటిలో జిడ్డును గట్టిగా పట్టుతుంది. రెండు రకాల నూనెలను కలిపి సబ్బు చేయడంలోని కిటుకు ఇదే.

తల స్వభావమూ ముఖ్యమే. కఠినజలంలోని కాల్షియం సబ్బు తలను పట్టి తెట్టుగా మారుస్తుంది. డిటర్జెంటులోని సల్ఫోనేట్ తల అంత సులభంగా లొంగదు. విద్యుదావేశం లేని తలలకు ఆ బెడద మరీ తక్కువ. అందుకే పెద్ద లాండ్రీలు ముందుగా నీటి కాఠిన్యాన్ని తొలగించి, తరువాత వివిధ రకాల శోధకాలను కలిపి వాడుతాయి.

అయితే నూలులో ఇంకిన తుప్పుమరక ఏ సబ్బుకూ కరగదు. దానికి ఆక్సాలిక్ ఆమ్లం కావాలి. అది విషపదార్థం కనుక బట్టను బాగా జాడించాలి. క్లోరిన్ బ్లీచింగ్ వాడితే ఆ మరక మరింత బిగుసుకుంటుంది.

తోక ఆకారానికి నదులతోనూ సంబంధం ఉంది. 1950వ దశకపు డిటర్జెంట్లలో తోకలు కొమ్మలుగా చీలి ఉండేవి. సూక్ష్మజీవులు వాటిని సులభంగా అరిగించుకోలేక అమెరికా, పశ్చిమ జర్మనీ నదులపై నురుగు తేలింది. 1960వ దశకం మధ్యకు ఆ దేశాలు తిన్నని తోకల రకానికి మారాయి.

బైలడిలాలో పుట్టిన శంఖిని దంతెవాడ వద్ద డంకినితో కలిసి ఇంద్రావతికి చేరుతుంది. ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. బట్టను విడిచిన మురికితోపాటు, దానిని విడిపించిన అణువు కూడా ఆ నీటిలో అంతరించిపోవాలి.