రిపోర్టు ముందు పిల్లల చేతిలో పెట్టండి

నరసరావుపేట చుట్టుపక్కల ఏ కాలేజీ హాజరు పట్టీ తీసినా కోటేశ్వరరావులు, కోటయ్యలు, కోటేశ్వరమ్మలు కనిపిస్తారు. కోటప్పకొండ త్రికోటేశ్వరుడికి మొక్కుకుని, పుట్టిన బిడ్డకు ఆయన పేరే పెట్టుకోవడం ఈ ప్రాంతంలో తరతరాల ఆనవాయితీ. ఒకే ఇంటిపేరు వాళ్లు పదిళ్లున్న ఊళ్లో తండ్రి పేరు కూడా కలవడం వింతేమీ కాదు. దీంతో ఊళ్లో ఎవరికీ ఇబ్బంది లేదు. పడమటి బజారు కోటయ్య, చెరువుకట్ట కోటయ్య అని విడదీసి పిలుచుకుంటారు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని ఆన్‌లైన్‌లో కోర్టు కేసులు వెతికే ఏజెన్సీ ఉద్యోగికి ఆ తేడా తెలియదు. పేరు, తండ్రి పేరు, జిల్లా కొట్టి చూస్తాడు. కేసు తగిలితే రిపోర్టులో ఎర్ర గుర్తు పడుతుంది. ఆ కేసు పడమటి బజారు వాడిదా, చెరువుకట్ట వాడిదా అని అడిగేవాళ్లు ఉండరు. ఉద్యోగం మాత్రం ఆగిపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే ఈ తనిఖీ ఒకప్పుడు పెద్ద ఐటీ కంపెనీల వ్యవహారం. ఇప్పుడు బ్యాంకులు, ఆసుపత్రులు, సరుకులు ఇంటికి చేర్చే సంస్థలు, సెక్యూరిటీ కంపెనీలు అన్నీ చేయిస్తున్నాయి. దీనికోసమే పుట్టిన ఏజెన్సీలున్నాయి. డిగ్రీ పట్టా అసలుదో కాదో యూనివర్సిటీని అడుగుతారు. పాత కంపెనీ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడతారు. పీఎఫ్ ఖాతా చూసి ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో లెక్క సరిచూస్తారు. ఇంటికి మనిషిని పంపుతారు, లేదా ఫోనుకు లింకు పంపి గుమ్మం ముందు ఫొటో తీసి పెట్టమంటారు. కోర్టు రికార్డులు వెతుకుతారు. కొన్ని ఉద్యోగాలకు మూత్రం పట్టి మత్తు పరీక్ష కూడా చేయిస్తారు.

కంపెనీల భయం ఉత్తదని నేననను. లేని అనుభవానికి సర్టిఫికెట్లు పుట్టించే వ్యాపారం ఎలా నడుస్తుందో అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న ఏ కుర్రాడిని అడిగినా చెబుతాడు. 2022 నవంబరులో యాక్సెంచర్ మన దేశంలోని తన ఉద్యోగుల్లో దొంగ పత్రాలతో చేరినవాళ్లను తొలగించింది. అంతకు చాలా ముందే, 2006లో, నాస్కామ్ ఐటీ ఉద్యోగుల వివరాలు ధ్రువీకరించి దాచే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని మొదలుపెట్టింది. దొంగ అనుభవం చూపించి చేరేవాడు కొట్టేది మాచర్ల నుంచో వినుకొండ నుంచో నిజాయితీగా చదువుకుని వెళ్లిన పిల్లవాడి ఉద్యోగాన్నే. బడి బస్సు నడిపేవాడి గతం, ఆసుపత్రిలో మందుల గది తాళాలు పట్టుకునేవాడి గతం తెలుసుకోవాల్సిందే. తనిఖీ వద్దని నేనడగడం లేదు. ఆ తనిఖీలో ఏం తేలిందో, ఉద్యోగం ఆపేముందు ఆ మనిషికి చూపించమంటున్నాను. సంజాయిషీ చెప్పుకోవడానికి వారం గడువివ్వమంటున్నాను.

మిగతా జిల్లాల కంటే మన పల్నాడులో ఈ మాట గట్టిగా అడగాల్సిన కారణం ఉంది. మన దగ్గర కేసు పుట్టే తీరే వేరు. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుంటే స్టేషన్‌కు రెండు ఫిర్యాదులు వెళతాయి. కేసు, దానికి కౌంటర్ కేసు. ఫిర్యాదు రాయించేటప్పుడు కర్ర పట్టినవాళ్లతో ఆగరు. అవతలి ఇంట్లో సంపాదించేవాడెవడో, రేపు ఉద్యోగానికి వెళ్లేవాడెవడో చూసి ఆ పేరూ చేరుస్తారు. చట్టంలో అందుకు వీలుంది. పాత శిక్షాస్మృతిలో 149వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న న్యాయ సంహితలో 190వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధంగా గుమికూడినవాళ్లలో ఒకడు చేసిన నేరానికి, అది గుంపు ఉద్దేశంలో భాగమైతే, అందరూ బాధ్యులే. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కుర్రాడి పేరు ఊరి గొడవ నిందితుల జాబితాలో ఏ-11గానో ఏ-14గానో చేరిపోయేది ఇలాగే. ఏళ్లు గడుస్తాయి. పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదురుస్తారు, సాక్షులు ఎదురు తిరుగుతారు, గురజాల కోర్టులోనో నరసరావుపేట కోర్టులోనో కేసు కొట్టేస్తారు. ఊరు మరిచిపోతుంది. కంప్యూటర్ మరిచిపోదు.

బైండోవర్ సంగతి ఇంకా అన్యాయం. ఎన్నికలు వస్తున్నాయంటే వందలమందిని తహసీల్దారు ముందు నిలబెట్టి, గొడవలు చేయబోమని పూచీకత్తు రాయించుకుంటారు. పాత సీఆర్‌పీసీలో 107, ఇప్పుడు నాగరిక్ సురక్ష సంహితలో 126. ఇది ముందుజాగ్రత్త చర్య. శిక్ష కాదు, నేరం రుజువైనట్టూ కాదు. ‘పోలీసు చర్య ఉంది’ అని ఒక్క ముక్క చెవిన పడితే చాలు, ఎక్కడో కూర్చున్న హెచ్‌ఆర్ అధికారికి దానికీ హత్యాయత్నం కేసుకూ తేడా ఉండదు.

2024 మే 13 పోలింగ్ నాడు, ఆ తర్వాత ఏం జరిగిందో దేశమంతా టీవీల్లో చూసింది. మాచర్ల నియోజకవర్గంలోని పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో ఈవీఎం పగిలిన దృశ్యం ఇంకా ఎవరూ మరిచిపోలేదు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, కలెక్టర్‌ను బదిలీ చేసింది. పల్నాడు, అనంతపురం, తిరుపతి జిల్లాల అల్లర్లపై ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేస్తే, 33 కేసుల్లో వెయ్యిమందికి పైగా నిందితులున్నారని లెక్క తేలింది. దాడులు చేసినవాళ్లకు శిక్ష పడాలి. అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఆ వెయ్యిమందిలో ప్రతి ఒక్కరూ రాయి విసిరారని ఏ కోర్టూ ఇంకా చెప్పలేదు. ఆ జాబితాల్లో ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలుంటే, తీర్పు రాకముందే వాళ్ల ఉద్యోగాలు పోవడం ఏ న్యాయం?

ఇందులో మరో బాధాకరమైన సంగతి ఉంది. ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సున్నితమైన కేసులను మినహాయించింది. తన మీద ఏ ఆరోపణ మోపారో నిందితుడికి తెలియాలని, కాపీ కోసం స్టేషన్ చుట్టూ తిరగాల్సిన పని లేకుండా పోవాలని అలా చెప్పింది. అతని మేలు కోరి తెరిచిన ఆ తలుపులోంచే ఇప్పుడు అందరూ అతని గతంలోకి తొంగిచూస్తున్నారు.

ఇంటి చిరునామా తనిఖీ కూడా పల్నాడులో అనుకున్నంత తేలిక కాదు. వచ్చిన మనిషి పక్కింటివాళ్లను అడుగుతాడు: వీళ్లు ఎలాంటివాళ్లు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు? పట్నంలో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ చెప్పే జవాబుకు పెద్ద అర్థం ఉండదు. వర్గాలుగా చీలిన ఊళ్లో పక్కింటివాడు ఏ వర్గమో తెలియకుండా ఆ జవాబు రాసుకుంటే, ఎదుటి పార్టీ వాంగ్మూలం రాసుకున్నట్టే.

సర్కారు ఉద్యోగాల విషయంలో సుప్రీంకోర్టు ఈ చిక్కును ఓపిగ్గా విప్పింది. 2011లో ఢిల్లీ హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగం కేసు వచ్చింది. అభ్యర్థి కుటుంబానికీ అద్దెకున్నవాళ్లకూ జరిగిన కొట్లాటలో కేసు, తర్వాత రాజీ. ఆ సంగతి దరఖాస్తులో రాయలేదని ఎంపిక రద్దు చేశారు. గొడవ నాటికి అతనికి సుమారు ఇరవై ఏళ్లని, ఆ వయసు పొరపాట్లకు జీవితాంతం ముద్ర వేయకూడదని కోర్టు అతని పక్షాన నిలబడింది. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సూత్రాలు కట్టింది. కేసు చిన్నదా పెద్దదా, ఏ వయసులో జరిగింది, కొట్టేశారా, ఇంకా నడుస్తోందా, ఇవన్నీ తూచి నిర్ణయించాలి. కేసు ఉన్నట్టు తెలిసీ దాచాడని తేలితేనే దాచాడనాలి. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా అనలేదు. గతాన్ని పరిశీలించే అధికారం యజమానికి ఉంది. మన ఊరి కేసులకు ఇంతకంటే సరిపోయే కొలత నాకు కనిపించలేదు. అయితే ఆ సూత్రాలు కట్టింది సర్కారు నియామకాల కోసం. ప్రైవేటు కంపెనీ ‘మీ ప్రొఫైల్ మాకు సరిపోలేదు’ అని ఒక్క లైను మెయిల్ పెడితే ఏ తలుపు తట్టాలి?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆదుకుంటుందని చాలామంది ఆశపడ్డారు. నేనూ ఆశపడ్డాను. ఆ చట్టం 7వ సెక్షన్ ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం సమ్మతి లేకుండానే వివరాలు వాడుకోవచ్చంటోంది. నా గురించి మీ దగ్గర ఏముందో చూపించమని అడిగే హక్కు 11వ సెక్షన్‌లో ఉంది. అది సమ్మతి ఇచ్చినవాళ్లకు ఇచ్చిన హక్కు. యజమాని 7వ సెక్షన్ చాటున నిలబడితే రిపోర్టు చూపించమనే దారి మూసుకుపోతుంది. ఈ కంత పూడ్చాలి. మన పార్లమెంటు సభ్యులు అడగాల్సిన ప్రశ్న ఇది.

అమెరికా చట్టాల్ని నెత్తిన పెట్టుకోమని నేనెప్పుడూ అనను. ఈ ఒక్క విషయంలో మాత్రం వాళ్ల పద్ధతి మంచిది. 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం, దానికి తర్వాత చేసిన సవరణల ప్రకారం, ఏజెన్సీ ఇచ్చిన రిపోర్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించాలనుకుంటే ముందుగా ఆ రిపోర్టు ప్రతి అభ్యర్థికి ఇవ్వాలి. తప్పుంటే అతను సవాలు చేయవచ్చు, ఏజెన్సీ మళ్లీ విచారించాలి. డల్లాస్‌లో ఉద్యోగం వెతుక్కునే నరసరావుపేట కుర్రాడికి ఈ హక్కు ఉంది. హైదరాబాదులో వెతుక్కునే అతని తమ్ముడికి లేదు.

ఇక మత్తు పరీక్ష. గంజాయి మన కాలేజీల దాకా వచ్చిందన్న భయం ప్రతి తల్లికీ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక దళం పెట్టి, 1972 అనే ఫోన్ నంబరు ఇచ్చింది. లారీ స్టీరింగ్ పట్టేవాడిని, సిమెంటు ఫ్యాక్టరీ యంత్రాల మధ్య తిరిగేవాడిని పరీక్షించడం తప్పు కాదు. పరీక్ష తీరులోనే తప్పు జరుగుతోంది. మొదట స్ట్రిప్పుతో చేసేది వడపోత మాత్రమే. కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా ‘పాజిటివ్’ అని చూపవచ్చు. మనం మాంసం కూరలో నూరి వేసుకునే గసగసాల వల్ల కూడా మూత్రంలో మార్ఫిన్ కనిపించవచ్చు. ఇందువల్లే అమెరికా ప్రభుత్వం 1998 డిసెంబరు నుంచి తన ఉద్యోగుల పరీక్షల్లో పాజిటివ్‌గా లెక్కించే హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచింది. స్ట్రిప్పు తర్వాత ల్యాబ్‌లో నిర్ధారణ పరీక్ష జరగాలి. ఏ మందులు వాడుతున్నావని ఒక డాక్టరు అడగాలి. ఈ రెండూ జరగకుండా గేటు దగ్గరే మనిషిని వెనక్కి పంపడం అన్యాయం. గంజాయి ఆనవాళ్లు, ఎక్కువగా తాగినవాళ్లలో, వారాల తరబడి మూత్రంలో ఉంటాయి. అవి కనిపించినంత మాత్రాన ఆ పూట మత్తులో ఉన్నట్టు కాదు.

విమానాల్లో ఎంత కఠినంగా ఉంటారో చూడండి. 2022 జనవరి 31 నుంచి పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లలో ఏటా కనీసం పది శాతం మందిని ముందు చెప్పకుండా పరీక్షిస్తున్నారు. అక్కడ కూడా నిర్ధారణ పరీక్ష తప్పనిసరి. మొదటిసారి దొరికినవాడిని మత్తు మాన్పించే కేంద్రానికి పంపుతారు. వందలమంది ప్రాణాలు చేతిలో ఉన్నవాడికే ఒక అవకాశం ఇస్తున్నప్పుడు, గోడౌన్‌లో పెట్టెలు సర్దే కుర్రాడికి ఎందుకివ్వరు? మాదకద్రవ్యాల చట్టమైన ఎన్‌డీపీఎస్ 64ఏ సెక్షన్ కూడా, బానిసైనవాడు తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేస్తే వాడకం కేసు నుంచి మినహాయింపు ఇస్తోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు అలవాటును జబ్బుల లెక్కలో చేర్చి, ఆ వివరాలు గోప్యంగా ఉంచాలంది. అదే ఏడాది వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్ష షరతుగా పెట్టకూడదని గీత గీసింది. అలాంటి గీత మత్తు పరీక్షలకూ కావాలి: ఏ ఉద్యోగాలకు చేయవచ్చు, ఫలితం ఎవరికి చెప్పవచ్చు, మొదటిసారి దొరికితే ఏం చేయాలి. గంజాయి దొరికిన పిల్లవాడి పేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగితే వాడు చికిత్సకు రాడు, ఊరు విడిచిపోతాడు.

పిల్లలకూ ఒక మాట. ఫారంలో కేసుల గురించి అడిగిన చోట ఖాళీ వదలకండి, అబద్ధం రాయకండి. దాచడం వల్ల పోయిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి. కేసు కొట్టేసి ఉంటే తీర్పు నకలు కోర్టు ముద్రతో తీసుకుని, డిగ్రీ పట్టాతో కలిపి భద్రపరచుకోండి. కేసు ఇంకా నడుస్తుంటే ఏ దశలో ఉందో వకీలును అడిగి తెలుసుకోండి. రాజీ పడగలిగినదైతే లోక్ అదాలత్‌లో తేల్చుకోండి. పేరు కలిసిపోయే చోట ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పుట్టినతేదీ, తండ్రి పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. మత్తు అలవాటు అంటుకుని ఉంటే ఉద్యోగ పరీక్ష దాకా ఆగకండి. 14446కు ఫోన్ చేస్తే సలహా చెబుతారు.

నరసరావుపేటలో ఇంజినీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి. ఏటా ప్లేస్‌మెంట్ల సీజన్‌లో కంపెనీలు వాటి గుమ్మం తొక్కుతాయి. ఆ వచ్చిన రోజే ప్లేస్‌మెంట్ అధికారులు ఒక షరతు రాతలో అడగవచ్చు: తనిఖీ రిపోర్టు వ్యతిరేకంగా వస్తే ప్రతి ముందు విద్యార్థికి ఇస్తాం, వారం గడువిస్తాం, ఆ తర్వాతే ఆఫర్ సంగతి తేలుస్తాం అని. కొత్త చట్టం రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈ కాగితం మీద సంతకం చేయించడానికి కాలేజీలన్నీ కలిసి అడిగితే చాలు, వచ్చే సీజన్‌కే వీలవుతుంది.